గ్యాస్ యూనిట్ హీటర్ల పొగను సురక్షితంగా బయటికి పంపడం ఎలా: భవన యజమానులకు సమగ్ర మార్గదర్శి

అమెరికా, కెనడాల్లోని చలి ప్రాంతాల్లో ఏ వేర్‌హౌస్‌కు వెళ్లినా, ఏ కారు మెకానిక్ షాపులోకి అడుగుపెట్టినా పైకప్పు నుంచి ఇనుప కడ్డీలకు వేలాడుతూ ఒక రేకు పెట్టె కనిపిస్తుంది. దాని వెనుక ఒక ఫ్యాన్, లోపల బర్నర్లు, ముందు వేడిగాలి వచ్చే పలకలు, పైనో పక్కనో గోడ వైపు పోయే ఒక గొట్టం ఉంటాయి. దాన్నే గ్యాస్ యూనిట్ హీటర్ అంటారు. కిరాణా గోదాములు, గ్యాస్ స్టేషన్లకు ఆనుకుని ఉన్న సర్వీస్ షెడ్లు, పాత వేర్‌హౌస్‌లను మార్చి నడుపుతున్న ఇండోర్ క్రికెట్ నెట్లు వంటివి కొంటున్న లేదా లీజుకు తీసుకుంటున్న తెలుగువారు ఇప్పుడు అక్కడ చాలామంది ఉన్నారు. మన ఊళ్లలో భవనానికి హీటింగ్ అవసరమే ఉండదు కాబట్టి ఈ పెట్టె గురించి మనకు ఇంట్లో పెద్దవాళ్లు చెప్పింది ఏమీ లేదు. భవనంతో పాటే వచ్చింది, వేడి ఇస్తోంది, అంతే చాలు అనుకుని వదిలేయడం సహజం.

ఈ మార్గదర్శి మీ చేత పానా పట్టించడానికి రాసింది కాదు. గ్యాస్ లైను, వెంట్ పైపు పనులను లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే పర్మిట్ తీసుకుని చేయాలి, ఊరి ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టాలి. అయితే ఆ కాంట్రాక్టరును ఏం అడగాలో, ఆయన చేసిన పనిలో ఏం చూడాలో, మీరు భవనంలో చేసే ఏ మార్పు ఆ పనిని పాడుచేస్తుందో యజమానిగా మీకు తెలిసి ఉండాలి. ఇందులో చెప్పిన కొలతలు అమెరికాలోని జాతీయ ఇంధన గ్యాస్ కోడ్ ఎన్‌ఎఫ్‌పీఏ 54, దానికి దగ్గరగా ఉండే అంతర్జాతీయ ఇంధన గ్యాస్ కోడ్ ఆధారంగా చెప్పినవి. కెనడాలో సీఎస్‌ఏ బీ149.1 వర్తిస్తుంది. ఊరిని బట్టి, కోడ్ ముద్రణ సంవత్సరాన్ని బట్టి కొలతలు మారుతాయి. హీటర్ తయారీదారు మాన్యువల్ కోడ్ కంటే కఠినంగా ఉన్నచోట మాన్యువల్ మాటే చెల్లుతుంది.

ఆ గొట్టంలోంచి ఏం పోతుంది?

సహజవాయువులో ప్రధానంగా ఉండేది మీథేన్. అది పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. ఆ నీరు ఎంతో చాలామంది ఊహించరు. గంటకు 2,00,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక ప్రమాణం) హీటర్ ఆగకుండా మండితే గంటకు సుమారు 8 లీటర్ల నీరు ఆవిరి రూపంలో గొట్టంలోకి వెళుతుంది. గొట్టం వేడిగా ఉన్నంతసేపు అది ఆవిరిగానే బయటికి పోతుంది, చల్లబడితే చన్నీళ్ల చెంబుకు చెమ్మ పట్టినట్టు గొట్టం లోపలి గోడకు పట్టేస్తుంది. ఆ నీటికి ఆమ్లగుణం ఉండడం వల్ల మామూలు గాల్వనైజ్డ్ రేకు కొన్ని శీతకాలాల్లోనే తినేయబడుతుంది.

గాలి చాలకపోయినా, బర్నర్ మురికిపట్టినా, పొగ వెనక్కి తన్నినా మంట పూర్తిగా మండదు. అప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకయితే వచ్చే కుళ్లిన గుడ్ల కంపు గ్యాస్ కంపెనీ కలిపిన మందుది, మంటలో ఆ మందు కాలిపోతుంది కాబట్టి పొగలో అది ఉండదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, కళ్లు తిరగడం, ఒకే చోట పనిచేసేవాళ్లందరికీ ఒకేసారి నలతగా ఉండి బయటికి రాగానే తేరుకోవడం దాని గుర్తులు. వీటిని ఫ్లూ జ్వరమని పొరబడడం పరిపాటి.

మొదటి మెట్టు: హీటర్ ఏ కేటగిరీదో తెలుసుకోండి

నిచ్చెన ఎక్కి, హీటర్ పక్కన అతికించిన నేమ్‌ప్లేటును ఫోనుతో ఫోటో తీయండి. మోడల్ నంబరు, గంటకు ఎన్ని బీటీయూలు తీసుకుంటుందో, సహజవాయువుకా ప్రొపేన్‌కా, వెంట్ కేటగిరీ ఏది అన్నవి అందులో ఉంటాయి. కేటగిరీ అన్న ఆ ఒక్క పదమే తర్వాతి నిర్ణయాలన్నిటికీ ఆధారం. గొట్టంలోని ఒత్తిడి భవనం గాలి ఒత్తిడి కంటే తక్కువా ఎక్కువా అన్నది ఒక ప్రశ్న, పొగ గొట్టంలో నీరుగా మారేంత చల్లగా ఉంటుందా లేదా అన్నది రెండో ప్రశ్న. ఈ రెండు ప్రశ్నల జవాబులను బట్టి నాలుగు కేటగిరీలు ఏర్పడ్డాయి.

కేటగిరీ 1లో ఒత్తిడి తక్కువ, నీరు పట్టదు. వేడి పొగ తనంతట తానే పైకి లేచి పోతుంది. కేటగిరీ 3లో హీటర్‌కున్న చిన్న ఫ్యాన్ పొగను బలంగా తోస్తుంది కాబట్టి గొట్టంలో ఒత్తిడి ఎక్కువ, నీరు మాత్రం మామూలుగా పట్టదు. గోడలోంచి అడ్డంగా గొట్టం తీసిన పవర్ వెంట్ యూనిట్ హీటర్లు సాధారణంగా ఈ కోవలోకి వస్తాయి. కేటగిరీ 4లో ఒత్తిడీ ఎక్కువే, నీరూ పడుతుంది. 90 శాతం పైబడిన సామర్థ్యం గల కండెన్సింగ్ హీటర్లు ఇవి. కేటగిరీ 2 యూనిట్ హీటర్లలో దాదాపు కనిపించదు, దాన్ని వదిలేద్దాం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకే పవర్ వెంట్ హీటర్‌ను పైకప్పులోంచి నిలువుగా తీస్తే కేటగిరీ 1గా, గోడలోంచి అడ్డంగా తీస్తే కేటగిరీ 3గా తయారీదారు లెక్కగట్టే సందర్భాలు ఉన్నాయి. అంటే హీటర్ మారకపోయినా గొట్టం దారి మారితే గొట్టం రకమూ మారాలి. పైకప్పు కారుతోందని పాత నిలువు గొట్టాన్ని తీసేసి, అదే రేకు ముక్కలతో గోడలోంచి అడ్డంగా తీయించుకోవడం ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

2005 నాటి ఇంధన విధాన చట్టం ప్రకారం 2008 ఆగస్టు 8 నుంచి అమెరికాలో తయారయ్యే యూనిట్ హీటర్లకు, బర్నర్‌ను అంటించడానికి ఆగకుండా వెలిగే చిన్న పైలట్ మంట ఉండకూడదు, పవర్ వెంట్ గానీ ఆటోమేటిక్ ఫ్లూ డ్యాంపర్ (హీటర్ ఆగగానే పొగ దారిని మూసే పలక) గానీ ఉండి తీరాలి. కాబట్టి మీ హీటర్‌లో ఎప్పుడూ వెలిగే పైలట్, పైన తెరిచి ఉన్న డ్రాఫ్ట్ హుడ్ (పొగ గొట్టంలోకి వెళ్లే చోట గది గాలికి తెరిచి ఉండే మూతి) కనిపిస్తే అది ఆ తేదీకి ముందుదని అనుకోవచ్చు. పాతదైనంత మాత్రాన అది ప్రమాదకరమేమీ కాదు. కానీ ఇకపై చెప్పే గాలి విషయంలో పాతవాటికి ఓర్పు తక్కువ.

రెండో మెట్టు: భవనంలో గాలి లెక్క

వెంట్ అనగానే అందరి చూపూ పైపు మీదికే పోతుంది. నా అభిప్రాయంలో భవనమే వెంట్‌లో సగం. పైపులోంచి ఎంత పొగ బయటికి పోతుందో అంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి, ఆ దారి లేకపోతే ఎంత మంచి పైపయినా పనిచేయదు.

లోపలి గాలినే వాడుకునే హీటర్లకు కోడ్ ఇచ్చే మామూలు లెక్క ఇది: గంటకు ప్రతి 1,000 బీటీయూలకు గది ఘనపరిమాణం కనీసం 50 ఘనపుటడుగులు ఉండాలి. ఒక ఉదాహరణ చూద్దాం. 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, 14 అడుగుల ఎత్తున్న గోదాములో 33,600 ఘనపుటడుగుల చోటు ఉంటుంది. అందులో 2,00,000 బీటీయూల హీటర్లు రెండు పెడితే 20,000 ఘనపుటడుగులు కావాలి, సరిపోతుంది. అదే గోదాములో ఒక మూలను ప్యాకింగ్ గదిగా చేద్దామని 20 అడుగులకు 20 అడుగులు, 12 అడుగుల ఎత్తున గోడలు లేపి, 1,50,000 బీటీయూల హీటర్ ఒకటి ఆ గదిలోకి వచ్చేలా చేశారనుకోండి. ఆ గది 4,800 ఘనపుటడుగులే, కావలసింది 7,500. హీటర్‌ను ఎవరూ తాకలేదు, అయినా నిన్నటిదాకా సురక్షితంగా ఉన్నది ఈ రోజు కాదు.

అటువంటి గదికి బయటి గాలి తేవాలి. రెండు శాశ్వతమైన కిటికీల వంటి రంధ్రాలు, ఒకటి పైకప్పుకు 12 అంగుళాల లోపున మొదలయ్యేలా, రెండోది నేలకు 12 అంగుళాల లోపున మొదలయ్యేలా పెట్టాలి. అవి నేరుగా బయటికి తెరుచుకుంటే ఒక్కొక్కదానికి ప్రతి 4,000 బీటీయూలకు ఒక చదరపు అంగుళం చొప్పున ఖాళీ కావాలి. మన ఉదాహరణలో అది 37.5 చదరపు అంగుళాలు. అడ్డంగా పోయే డక్టుల ద్వారా గాలి తెస్తే ప్రతి 2,000 బీటీయూలకు ఒక చదరపు అంగుళం, అంటే రెట్టింపు. ఆ రంధ్రాలకు వాలుగా బిగించే లూవర్ పలకలు కూడా చోటు తినేస్తాయి. తయారీదారు లెక్క తెలియనప్పుడు లోహపు లూవర్లలో 75 శాతం, చెక్క లూవర్లలో 25 శాతమే ఖాళీ అని కోడ్ భావిస్తుంది. కాబట్టి అదే 37.5 చదరపు అంగుళాల కోసం లోహపు లూవర్ అయితే 50, చెక్కదయితే 150 చదరపు అంగుళాలది కొనాలి. చలిగాలి వస్తోందని ఆ లూవర్‌ను అట్టపెట్టె ముక్కతో మూసేయడం ప్రతి శీతకాలంలోనూ ఎక్కడో ఒక చోట జరుగుతూనే ఉంటుంది. దాని పక్కనే గోడ మీద "హీటర్ గాలి, మూయవద్దు" అని పనివాళ్లకు తెలిసిన భాషల్లో పెద్ద అక్షరాలతో రాయించండి.

ఈ 50 ఘనపుటడుగుల లెక్క మామూలుగా సందుల్లోంచి గాలి వచ్చే భవనాలకే. కరెంటు ఖర్చు తగ్గించడానికి గోడలకు స్ప్రే ఫోమ్ కొట్టించి, తలుపులకు కొత్త సీళ్లు వేయించిన భవనంలో గాలి మారే వేగం గంటకు 0.40 సార్ల కంటే తక్కువని తెలిసినప్పుడు ఈ లెక్క పనికిరాదు, ఇంజనీరు చేత వేరుగా లెక్కగట్టించాలి.

దీనికంటే మోసకరమైనది ఎగ్జాస్ట్ ఫ్యాన్. సహజంగా లేచే పొగను పైకి లాగే బలం కొద్ది పాస్కల్స్ (పాస్కల్ అంటే ఒత్తిడిని కొలిచే చిన్న ప్రమాణం) మాత్రమే. పెయింటింగ్ బూత్ ఫ్యాన్, వడ్రంగి యంత్రాల దుమ్ము లాగే యంత్రం, వంటగది హుడ్, గోడకు పెట్టిన పెద్ద ఫ్యాన్ వీటిలో ఏది నడిచినా, వాటికి బదులు గాలి తెచ్చే ఏర్పాటు లేకపోతే, భవనంలో ఒత్తిడి ఆ కొద్ది పాస్కల్స్ కంటే ఎక్కువగానే పడిపోగలదు. అప్పుడు పొగ పైకి పోవడం మానేసి, బయటి చలిగాలి గొట్టంలోంచి కిందికి దిగి, పొగనంతా డ్రాఫ్ట్ హుడ్ దగ్గర గదిలోకి ఒలకబోస్తుంది. కాబట్టి భవనంలో ఉన్న ప్రతి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పేరు, అది నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులు లాగుతుంది, దానికి బదులు గాలి ఎక్కడినుంచి వస్తుంది అన్నవి ఒక కాగితం మీద రాసి, కొత్త ఫ్యాన్ కొనే ముందు ఆ కాగితాన్ని కాంట్రాక్టరుకు చూపించండి.

మన ఊళ్లలో బాత్రూముల్లోని గ్యాస్ గీజర్ల ప్రమాదాలకు మూలం కూడా ఇదే. తలుపు, వెంటిలేటరు మూసిన చిన్న గదిలో మంట తన పొగనే తాను పీల్చుకుంటుంది.

కొత్త హీటర్ కొంటున్నవారికి నా సలహా ఒకటే. బడ్జెట్ ఏమాత్రం అనుమతించినా సెపరేటెడ్ కంబషన్ రకం తీసుకోండి. అందులో మంటకు కావలసిన గాలి ఒక గొట్టం ద్వారా బయటినుంచే వస్తుంది, పొగ మరో గొట్టం ద్వారా బయటికే పోతుంది, లోపలి గాలితో మంటకు సంబంధం ఉండదు. దుమ్ము, తేమ, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఉన్న చోట దీనికి సాటి లేదు. డ్రై క్లీనింగ్ ద్రవాలు, క్లోరిన్ కలిసిన డిగ్రీజర్లు, రిఫ్రిజిరెంట్లు, బ్యూటీ పార్లర్ స్ప్రేలు ఉన్న చోటయితే లోపలి గాలిని వాడే హీటర్ పెట్టనే కూడదు. క్లోరిన్ ఉన్న ఆవిర్లు మంటలోకి పోతే హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారి హీట్ ఎక్స్ఛేంజర్‌ను (మంట వేడిని గది గాలికి అందించే లోహపు భాగాన్ని), గొట్టాన్ని రెండిటినీ తినేస్తాయి.

మూడో మెట్టు: హీటర్ ఎక్కడ వేలాడాలి

వెంట్ పైపు దారి చిన్నదిగా, మలుపులు తక్కువగా ఉండే చోటే హీటర్‌కు మంచి చోటు. గది నడుమ అందంగా ఉందని పెట్టి, అక్కడినుంచి 40 అడుగులు అడ్డంగా గొట్టం లాక్కురావడం సరైన పద్ధతి కాదు. వాహనాలు మరమ్మతు చేసే షాపుల్లో హీటర్ నేల నుంచి కనీసం 8 అడుగుల ఎత్తున ఉండాలి. కింద వాహనాలు పోయే వీలుంటే అక్కడి అత్యంత ఎత్తయిన వాహన ద్వారం కంటే కనీసం ఒక అడుగు పైన ఉండాలి. చెక్క, అట్టపెట్టెలు, ర్యాకుల పై అరలు హీటర్‌కు ఎంత దూరంలో ఉండాలన్నది మాన్యువల్లో నాలుగు వైపులకూ విడివిడిగా ఉంటుంది. సర్వీసు చేసే మనిషి నిలబడే చోటు ఆ దూరానికి అదనం.

సైజు గురించి ఒక మాట. "పెద్దదయితే త్వరగా వేడెక్కుతుంది" అని అవసరానికి మించిన హీటర్ పెట్టిస్తే అది రెండు నిమిషాలు మండి ఆగిపోతూ ఉంటుంది. గొట్టం ఎన్నడూ పూర్తిగా వేడెక్కదు, లోపల నీరు పడుతూనే ఉంటుంది. వెంట్ పైపు తుప్పుపట్టి కూలిన కేసుల్లో ముందుగా చూడవలసినది హీటర్ సైజే.

నాలుగో మెట్టు: కేటగిరీకి తగిన గొట్టం

కేటగిరీ 1 హీటర్‌కు టైప్ బీ వెంట్ వాడతారు. ఇది లోపల అల్యూమినియం, బయట గాల్వనైజ్డ్ ఉక్కుతో రెండు పొరలుగా ఉండి, మధ్య ఉన్న గాలి వల్ల లోపలి పొర వేడిగా నిలుస్తుంది. మండే వస్తువుల నుంచి సాధారణంగా ఒక అంగుళం దూరం చాలు. ఒక పొర రేకు గొట్టానికి 6 అంగుళాలు కావాలి. పైగా దాన్ని వేడి లేని చోట్లలో, అటకల్లో, కనపడని గోడ సందుల్లో వేయకూడదు. నన్నడిగితే చలి ప్రాంతంలో హీటర్ నుంచి మొదలుపెట్టి పైకప్పు దాకా రెండు పొరల గొట్టమే వేయించుకోవడం మేలు.

కేటగిరీ 3కి టైప్ బీ పనికిరాదు. దాని అతుకులు గాలి చొరబడనివి కావు. లోపల ఒత్తిడి ఉన్నప్పుడు ప్రతి అతుకులోంచీ పొగ గదిలోకి వస్తుంది. దీనికి యూఎల్ (అమెరికాలోని భద్రతా ప్రమాణాల సంస్థ) 1738 ప్రమాణానికి లోబడిన, అతుకులు బిగుతుగా సీలయ్యే స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం కావాలి. ఏఎల్ 29-4సీ అన్న మిశ్రమలోహంతో చేసినవి ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. కొన్ని మాన్యువళ్లు ఒక పొర గాల్వనైజ్డ్ గొట్టాన్ని, నిర్ణీత మందంతో, అతుకులన్నీ వేడి తట్టుకునే సీలెంట్‌తో మూసి వాడడానికి ఒప్పుకుంటాయి. ఆ మాట మీ మాన్యువల్లో అచ్చయి ఉంటేనే ఒప్పుకోండి. ఒక కంపెనీ గొట్టానికి మరో కంపెనీ మోచేతి ముక్కను తగిలించడం ఎవరి జాబితాలోనూ ఉండదు.

కేటగిరీ 4కి పీవీసీ, సీపీవీసీ, పాలీప్రొపిలీన్ వంటివి మాన్యువల్ చెప్పిన మేరకు వాడతారు. కెనడాలో ఈ ప్లాస్టిక్ గొట్టాలు ఎస్636 ప్రమాణానికి లోబడి ఉండాలి. ప్లాస్టిక్ గొట్టాన్ని కేటగిరీ 1 లేదా 3 హీటర్‌కు తగిలిస్తే అది వేడికి మెత్తబడి వంగిపోతుంది.

గొట్టం వ్యాసం (అడ్డుకొలత) విషయానికి వస్తే, పెద్ద గొట్టమే మంచిదనుకోవడం కూడా పొరపాటే. కేటగిరీ 1లో గొట్టం ఎత్తు, అడ్డంగా పోయే పొడవు, హీటర్ బీటీయూలు చూసి కోడ్ పట్టికల్లోంచి వ్యాసం తీస్తారు. ఫ్యాన్ సాయం ఉన్న హీటర్‌కు పట్టికలో గరిష్ఠంతో పాటు కనిష్ఠం కూడా ఉంటుంది. హీటర్ ఆ కనిష్ఠం కంటే చిన్నదయితే పొగ అంత పెద్ద గొట్టాన్ని వేడెక్కించలేక లోపలే నీరవుతుంది. డ్రాఫ్ట్ హుడ్ ఉన్న ఒకే హీటర్‌కు కోడ్ ఒక సులువైన పద్ధతినీ ఇస్తుంది: గొట్టం అడ్డుకోత వైశాల్యం హుడ్ ద్వారం వైశాల్యం కంటే తగ్గకూడదు, దానికి ఏడు రెట్లు మించకూడదు. కేటగిరీ 3, 4లలో పట్టికలతో పని లేదు, మాన్యువల్లో ఉన్న కనిష్ఠ, గరిష్ఠ పొడవులే ప్రమాణం. ప్రతి మోచేతి మలుపునూ కొన్ని అడుగుల నిటారు గొట్టంగా లెక్కగడతారు.

రెండు హీటర్లను ఒకే గొట్టానికి కలపవచ్చా అని తరచుగా అడుగుతారు. కేటగిరీ 1 హీటర్లను పట్టికల ప్రకారం కలపవచ్చు. కేటగిరీ 3 లేదా 4 హీటర్‌ను మరో హీటర్ గొట్టానికి, ముఖ్యంగా సహజంగా లేచే పొగ గొట్టానికి, కలపకూడదు. ఒకటి తోసిన పొగ ఆగి ఉన్న రెండోదానిలోంచి గదిలోకి వస్తుంది. కట్టెల పొయ్యి గొట్టానికి గ్యాస్ హీటర్‌ను కలపడం కూడా నిషిద్ధమే.

ఐదో మెట్టు: గొట్టం వేసేటప్పుడు పక్కన నిలబడి చూడవలసినవి

కేటగిరీ 1లో అడ్డంగా పోయే గొట్టం హీటర్ నుంచి బయటి వైపుకు అడుగుకు పావు అంగుళం చొప్పున పైకి లేస్తూ ఉండాలి. అడ్డంగా బయటికి పోయే కేటగిరీ 3 హీటర్లలో చాలా మాన్యువళ్లు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, గోడ వైపుకు పావు అంగుళం దిగాలని అంటాయి. పట్టిన కొద్ది నీరు హీటర్‌లోకి రాకుండా బయటికి కారిపోవాలని వాటి ఉద్దేశం. కేటగిరీ 4లో నీరు ఎక్కడికి చేరాలో, ట్రాప్ (నీటిని పోనిచ్చి పొగను ఆపే వంపు) ఎక్కడ ఉండాలో మాన్యువల్ చెబుతుంది. ఆ ఆమ్లపు నీటిని, ఆమ్లగుణం తగ్గించే న్యూట్రలైజర్ ద్వారా పంపి, డ్రెయిన్ గడ్డకట్టని దారిన తీయాలి. స్పిరిట్ లెవల్ తెచ్చి మీరే ఒకసారి గొట్టం మీద పెట్టి చూడండి. వంకర ఎటు ఉందో కంటికి తెలియదు.

టైప్ బీ గొట్టం లోపలి పొరలోకి స్క్రూ దిగకూడదు. ముక్కలు వాటి సొంత లాకులతోనే బిగియాలి. గొట్టం బరువు హీటర్ మీద పడకుండా హ్యాంగర్లు దూలాలకు విడిగా ఉండాలి. పైకప్పు, గోడ దాటే చోట దానికోసం తయారైన థింబుల్ (గోడకు వేడి తగలకుండా కాపాడే తొడుగు), ఫైర్‌స్టాప్ (నిప్పు పాకకుండా అడ్డుకునే పలక), ఫ్లాషింగ్ (వాన నీరు కారకుండా వేసే రేకు) ఉండాలి. ఖాళీలో ఫోమ్ కొట్టి మూసేస్తే దానికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఆరో మెట్టు: గొట్టం చివర

పైకప్పు మీద, 12 అంగుళాలు అంతకంటే తక్కువ వ్యాసం ఉన్న టైప్ బీ గొట్టం, ఆమోదిత టోపీతో, నిలువు గోడకు 8 అడుగుల దూరాన, వాలు తక్కువున్న పైకప్పు మీద ఉంటే ఒక అడుగు ఎత్తు చాలు. గోడకు దగ్గరగా ఉంటే పైకప్పు దాటిన చోటు నుంచి 2 అడుగులు, 10 అడుగుల పరిధిలోని భవనంలోని ఏ భాగం కంటేనైనా 2 అడుగులు ఎక్కువ ఎత్తు కావాలి. దానితో పాటు హీటర్ డ్రాఫ్ట్ హుడ్ లేదా ఫ్లూ కాలరు (హీటర్‌కు గొట్టం తగిలించే మూతి) కంటే చివర కనీసం 5 అడుగులు పైన ఉండాలి.

గోడలోంచి బయటికి వచ్చే ఫ్యాన్ గొట్టానికి, హీటర్ సెపరేటెడ్ రకం కానప్పుడు, తలుపులు, తెరిచే కిటికీలు, సహజ గాలి రంధ్రాల నుంచి కింద 4 అడుగులు, పక్కన 4 అడుగులు, పైన ఒక అడుగు దూరం ఉండాలి. గాలి లోపలికి లాగే యంత్రం 10 అడుగుల లోపు ఉంటే దానికి 3 అడుగులు పైన ఉండాలి. జనం నడిచే దారి పక్కనయితే నేల నుంచి 7 అడుగులు, ఎక్కడైనా సరే కనీసం 12 అంగుళాలు. ఆ 12 అంగుళాలు మంచు పడని చోటి లెక్క. మిషిగన్‌లోనో అంటారియోలోనో ప్లౌ బండి మంచును గోడకు నెట్టి పోగుపెట్టే చోట గొట్టం తీస్తే ఆ ఎత్తు చాలక మూసుకుపోతుంది.

ఏడో మెట్టు: మొదటిసారి వెలిగించి పరీక్షించడం

గ్యాస్ లైను అతుకులన్నీ సబ్బు నీటితో చూశాక, టెక్నీషియన్ బర్నర్లకు గ్యాస్ పంచే మానిఫోల్డ్ దగ్గర ఒత్తిడి కొలుస్తారు. సహజవాయువుకు సాధారణంగా 3.5 అంగుళాల నీటి మట్టం (గ్యాస్ ఒత్తిడిని ఇలాగే కొలుస్తారు), ప్రొపేన్‌కు 10 అంగుళాలు ఉంటుంది, నేమ్‌ప్లేటు అంకెదే తుదిమాట. 2,000 అడుగులకు మించిన ఎత్తున్న ఊళ్లలో, ఉదాహరణకు డెన్వర్‌లో, గాలి పలచన కాబట్టి హీటర్‌ను తగ్గించి మండించాలి. అది చేశారా అని అడగండి.

అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. డ్రాఫ్ట్ హుడ్ ఉన్న హీటర్ అయితే కిటికీలు, తలుపులు, డాక్ తలుపులు అన్నీ మూయించండి. భవనంలోని ఎగ్జాస్ట్ ఫ్యాన్లు అన్నీ పూర్తి వేగంతో ఆన్ చేయించండి. అదే గొట్టానికి కలిసిన ఇతర పరికరాలనూ వెలిగించండి. హీటర్‌ను వెలిగించి, ప్రధాన మంట 5 నిమిషాలు మండనివ్వండి. అప్పుడు టెక్నీషియన్ పొగ పెన్సిలునో అగరుబత్తినో డ్రాఫ్ట్ హుడ్ అంచు వెంట నెమ్మదిగా తిప్పుతారు. పొగదారం హుడ్ లోపలికి వంగి మాయమైతే లాగుడు బాగుంది. నిటారుగా నిలబడి వణుకుతుంటే అనుమానించాలి. బయటికి, మనిషి ముఖం వైపుకు తోస్తే ఆ పొగే కాదు, హీటర్ పొగ కూడా అదే దారిన వస్తోందని అర్థం. మంట ఆపి, గాలి సమస్య తీర్చేదాకా మళ్లీ వెలిగించకూడదు. హుడ్ నాలుగు వైపులా చూడాలి, ఒక మూల మాత్రమే ఒలికే సందర్భాలు ఉంటాయి. చలికాలపు ఉదయం, గొట్టం పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చేసిన పరీక్షకే విలువ ఎక్కువ.

ఫ్యాన్‌తో పొగ తోసే హీటర్లలో పొగ ఒలికే హుడ్ ఉండదు. అక్కడ గొట్టం అతుకుల వెంట పొగను పరీక్షించాలి, ఫ్లూ గ్యాస్ అనలైజర్‌తో పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ను కొలవాలి. అదనపు గాలి ప్రభావం తీసేసి లెక్కగట్టిన అంకె 400 పీపీఎం (పది లక్షల భాగాల్లో 400 భాగాలు) దాటితే ఆపేయాలన్నది ఫర్నేసుల విషయంలో వాడే హద్దు. సరిగా మండే బర్నర్ దానికి చాలా దిగువన ఉంటుంది. అంకె స్థిరంగా నిలవకుండా పెరుగుతూ పోతే హద్దులోపే ఉన్నా కారణం వెతకాలి. కొలిచిన కాగితాన్ని ప్రింట్ తీయించి ఫైలులో పెట్టండి, వచ్చే ఏడాది అంకెను దానితోనే పోల్చాలి.

చివరగా, ప్రెషర్ స్విచ్ గొట్టాన్ని ఊడదీసి హీటర్ ఆగుతుందో లేదో చూపించమని అడగండి. గొట్టం మూసుకుపోతే మంటను ఆపవలసినది ఆ స్విచ్చే. హీటర్ ఊరికే ఆగిపోతోందని ఒక తీగ ముక్కతో ఆ స్విచ్‌ను దాటవేసిన హీటర్లు పాత భవనాల్లో దొరుకుతూనే ఉంటాయి. భవనం కొనేటప్పుడు కవరు తీయించి అటువంటి అదనపు తీగ ఉందేమో తప్పక చూపించుకోండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం

అలారాన్ని పెట్టి తీరాలి, కానీ దాని హద్దు తెలుసుకుని పెట్టాలి. ఇళ్లకు వాడే యూఎల్ 2034 అలారం 70 పీపీఎం దగ్గర కనీసం ఒక గంట దాకా మోగకపోవచ్చు, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాల్లో మోగుతుంది. పనిచోట 8 గంటల సగటుకు అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టిన చట్టబద్ధ హద్దు 50 పీపీఎం, ఆ రంగంలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ నియాష్ సిఫారసు 35. అంటే రోజంతా 40 పీపీఎంలో పనిచేసే మనిషి ఉన్న గోదాములో ఆ అలారం మౌనంగానే ఉండవచ్చు. అందుకే తక్కువ అంకెలను కూడా తెరమీద చూపే మానిటర్ పెట్టడం మేలు. ప్రొపేన్ ఫోర్క్‌లిఫ్టులు కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. అంకె పెరిగిన ప్రతిసారీ హీటర్‌నే అనకుండా ఏ గంటలో ఏ యంత్రం నడిచిందో రాసి ఉంచితే టెక్నీషియన్ పని సగం తగ్గుతుంది.

ఏటేటా, చలి మొదలవక ముందు

పక్షి గూళ్లు, కందిరీగ తుట్టెలు వేసవిలో గొట్టం చివర చేరతాయి. సాలీళ్లు బర్నర్ రంధ్రాల్లో గూడు కడతాయి. సెప్టెంబరులో టెక్నీషియన్‌ను పిలిచి గొట్టం, బర్నర్లు, హీట్ ఎక్స్ఛేంజర్ పగుళ్లు, కండెన్సేట్ ట్రాప్ చూపించండి. మధ్యలో మీ కళ్లతో చూడగలిగినవి మూడు ఉన్నాయి. గొట్టం అతుకుల కింద తెల్లటి పొడి, దాని దిగువన తుప్పు చారలు ఉంటే లోపల నీరు పడుతోంది. డ్రాఫ్ట్ హుడ్ చుట్టూ నల్లటి మసి ఉంటే పొగ వెనక్కి వస్తోంది. నీలంగా నిలకడగా ఉండవలసిన మంట పసుపుగా ఊగుతుంటే గాలి చాలడం లేదు. వీటిలో ఏది కనిపించినా హీటర్‌కు ముందున్న గ్యాస్ కాక్‌ను మూసి టెక్నీషియన్‌కు ఫోన్ చేయండి.

అలారం మోగితే గానీ, ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే గానీ, కారణం వెతుకుతూ లోపల నిలబడవద్దు. అందరినీ బయటికి పంపి, అందరూ వచ్చారో లేదో లెక్క చూసుకుని, బయటినుంచే 911కు ఫోన్ చేసి కార్బన్ మోనాక్సైడ్ అనుమానమని స్పష్టంగా చెప్పండి. ఫైర్ సిబ్బంది తలుపులు తెరిచి గాలి ఆడించక ముందే తమ మీటర్లతో కొలిస్తే అది ఎక్కడినుంచి వస్తోందో తేలుతుంది. వాళ్లు అనుమతించేదాకా ఫోనో కోటో తెచ్చుకోవడానికైనా ఎవరినీ లోపలికి పంపకండి, హీటర్ వాడకూడదని గ్యాస్ కంపెనీ ఎర్ర ట్యాగు కట్టి వెళితే లైసెన్స్ ఉన్న టెక్నీషియన్ సరిచేసేదాకా దాన్ని విప్పనివ్వకండి.